కాల్షియం సీసా

మా ఇంట్లో ఫ్రిజ్ మీద తెల్ల ప్లాస్టిక్ సీసా ఒకటి ఉంటుంది. దానిమీద కాల్షియం అని పెద్దక్షరాలతో రాసి ఉంటుంది. లోపల కాల్షియం బిళ్ళ ఒక్కటి కూడా ఉండదు.

అందులో ఉండేవి మనసు జబ్బుకి పదకొండేళ్ళుగా నేను మింగుతున్న లిథియం మాత్రలు. నెలలో మొదటి ఆదివారం మా ఆయన ఫణీంద్ర పేపరు చదవడం అయ్యాక కుర్చీలో కూర్చుని, అట్టల్లోంచి ఒక్కొక్క మాత్రా నొక్కి తీసి ఆ సీసాలో వేస్తారు. మా అత్తగారి కంట పడకూడదని మొదలుపెట్టిన ఏర్పాటు అది. ఆవిడ పోయి ఆరేళ్ళయింది, ఏర్పాటు మాత్రం పోలేదు. ఎవరైనా అడిగితే "మోకాళ్ళ నొప్పులండీ, ఏం చేస్తాం" అంటాను. నా మోకాళ్ళు నిక్షేపంలా ఉన్నాయి.

మందులు దాచుకుని మింగేవాళ్ళు లోకంలో ఎంతమంది లేరు, దీనికింత రాద్ధాంతమా అనుకుంటున్నారా? నా ఉద్యోగం ఏమిటో వినండి, తర్వాత అనండి.

ఏలూరులో మాదొక చిన్న స్వచ్ఛంద సంస్థ. మనసుకి జబ్బు చేసి తేరుకున్నవాళ్ళని వెతికి పట్టుకుని, కొన్నాళ్ళు శిక్షణ ఇచ్చి, అదే జబ్బుతో ఉన్నవాళ్ళ ఇళ్ళకి పంపిస్తుంది. మందు రాయడం మా పని కాదు, దానికి వారానికోసారి పెర్సిస్ డాక్టరుగారు వస్తారు. మా పని వెళ్ళి ఎదురుగా కూర్చోవడం. "నాకూ ఇలాగే వచ్చిందమ్మా, ఇదిగో, ఇప్పుడిలా ఉన్నాను" అని చెప్పడం. నా చదువూ కాదు, నా సర్టిఫికెట్లూ కాదు, నా కథ ఒక్కటే నా పనిముట్టు.

ఆ కథ నేను బాగా చెబుతాను. స్కూల్లో లెక్కలు చెప్పిన నోరు కదా. ఒక ఎండాకాలం తొమ్మిది రోజులు కంటిమీద కునుకు లేకుండా తిరిగి, పట్టుచీరలన్నీ వీధిలోవాళ్ళకి పంచిపెట్టి, చివరికి స్కూలు గేటెక్కి కూర్చున్నానని చెబుతాను. పేరు బాలాత్రిపురసుందరి కావడంతో నిజంగానే అమ్మవారు వచ్చిందనుకుని ఇద్దరు ముగ్గురు కొబ్బరికాయలు కూడా కొట్టారంటే ఎంత ఏడుపు మొహంవాళ్ళైనా నవ్వుతారు. ఆ నవ్వుతో సగం భయం వదులుతుంది. ఆ తర్వాత ఆసుపత్రి, మందులు, కోలుకోవడం. అక్కడితో ఆపేస్తాను. ఇప్పటికీ రోజుకి రెండు పూటలా మాత్ర పడాల్సిందేనన్న ముక్క మాత్రం నా నోట్లోంచి రాదు.

అఖిల దగ్గరా రాలేదు. వచ్చి ఉంటే ఇవాళ మీకు ఇదంతా చెప్పే అవసరమే ఉండేది కాదు.

అఖిలది కలిదిండి. ఇరవై ఆరేళ్ళ పిల్ల. భర్త శ్రీకర్‌కి రెండు రొయ్యల చెరువులున్నాయి. శ్రీహిత అని నాలుగేళ్ళ కూతురు. ఇంట్లో పెద్దదిక్కు అత్తగారు వెంకటనరసమ్మగారు. కిందటేడు అఖిలకి అచ్చం నాకు వచ్చినట్టే వచ్చింది. అదే నిద్ర లేకపోవడం, అదే వాగుడు, అదే ఆపలేని హుషారు. పెర్సిస్‌గారు అదే మందు రాసి, "ఈ అమ్మాయి మీదే సుందరిగారూ" అని నాకు అప్పగించారు. నెలకి రెండుసార్లు ఏలూరులో బస్సెక్కి, కొల్లేరు దాటి, కైకలూరులో దిగి, అక్కణ్ణుంచి షేర్ ఆటోలో వెళ్ళేదాన్ని.

మొదటిసారి వెళ్ళినప్పుడు వెంకటనరసమ్మగారు కోడలి చేత మాత్ర మింగించే తీరు చూసి నాకు ఒళ్ళు మండిపోయింది. మింగాక "నోరు తెరువు, నాలిక ఎత్తు" అని వేలు పెట్టినంత పని చేసి వెతుకుతున్నారు. అఖిల కళ్ళు మూసుకుని నోరు తెరిచి నిలబడింది.

"ఏవండీ, దొంగసొమ్ము వెతికినట్టు ఆ వెతకడమేమిటండీ?" అన్నాను.

"ఆసుపత్రిలో సిస్టరుగారు అలాగే చూసేవారండీ. చూడకపోతే ఉమ్మేస్తారని చెప్పారండీ," అన్నారు ఆవిడ బెదిరిపోయి.

"అది ఆసుపత్రి, ఇది ఇల్లు. ఇకనుంచి ఈ పిల్ల నోట్లోకి ఎవరూ తొంగిచూడ్డానికి వీల్లేదు."

అలా తీర్పు చెప్పేసి, సంచిలోంచి ఏడు గదుల ప్లాస్టిక్ డబ్బా తీసి ఇచ్చాను. రోజుకో గది. ప్రతి ఆదివారం అఖిలే తన చేత్తో వారానికి సరిపడా మాత్రలు అందులో వేసుకోవాలి. వేళకి అత్తగారు ఆ రోజు గది మూత తెరిచి చేతికివ్వాలి. జబ్బు ఎవరిదో పెత్తనం వాళ్ళదే కావాలి, అది మా సంస్థ పద్ధతి. పద్ధతి మంచిదే. దాన్ని తప్పుపట్టను. ఆ రోజు అఖిల నావైపు ఎలా చూసిందో చెప్పలేను. ఏడాదికి తననొక మనిషిగా చూసింది నేనొక్కదాన్నే అన్నట్టు చూసింది. ఆనాటినుంచి నేనేం చెబితే దానికి అదే వేదం.

భోజనం చెయ్యకుండా నన్నెప్పుడూ కదలనిచ్చేవారు కాదు. నేను చేపలూ రొయ్యలూ తిననిదాన్నని వెంకటనరసమ్మగారు నాకోసం గిన్నెలు వేరే తోమి, పప్పూ బీరకాయ కూరా వండి, అరిటాకు వేసేవారు. ఫిబ్రవరిలో ఒకరోజు అలాగే తిని, మజ్జిగ తాగి, చెయ్యి కడుక్కొచ్చి, సంచిలోంచి సీసా తీసి మధ్యాహ్నం మాత్ర వేసుకున్నాను. ఇంట్లో ఉన్నదానికి జోడీ అది, సంచిలోకి ఒకటి.

"అదేం మాత్రండీ?" అంది అఖిల.

"కాల్షియం. మోకాళ్ళకి." పదకొండేళ్ళ అలవాటు, ఆలోచించకుండానే వచ్చేసింది.

వెంకటనరసమ్మగారు వెంటనే అందుకున్నారు. "అయితే ఆ మందులు మానేశారాండీ? మీకు పూర్తిగా తగ్గిపోయిందాండీ?"

ఇదిగో, ఇక్కడ. కాదండీ, ఇది అదే మందు, మీ కోడలు మింగేదే నేనూ మింగుతున్నాను, అందుకే ఇలా తిరుగుతున్నాను అని చెప్పడానికే కదా నాకు జీతం ఇస్తున్నది. నోరు తెరిస్తే అయిపోయేది. ఆవిడకి ఆశ కలగాలని అబద్ధమాడానని తర్వాత చాలాసార్లు నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అదీ అబద్ధమే. ఆవిడ నన్ను మేడమ్‌గారండీ అంటూ నిలబడి వడ్డిస్తున్నారు. ఆవిడ కళ్ళలో అఖిల రోగి, నేను మేడమ్‌ని. రోగి పక్కన పీట వేసుకుని కూర్చోవడం నాకు ఇష్టం లేకపోయింది. అంతే. ఒట్టి గర్వం.

"ఎప్పుడో మానేశానండీ," అన్నాను.

"విన్నావా అమ్మా!" అని ఆవిడ సంబరపడిపోయి కోడలి వీపు తట్టారు. అఖిల నా సీసావైపు చూస్తూ కూర్చుంది.

మార్చిలో అఖిల రక్తపరీక్షకి రావాలి. మందు ఒంట్లో ఎంత ఉందో అందులో తెలిసిపోతుంది. చెరువు దగ్గర మనిషి లేడండీ, వచ్చే నెల తీసుకొస్తానండీ అని శ్రీకర్ ఫోన్ చేశాడు. "సరేలే బాబూ, పిల్ల బాగానే ఉందిగా" అన్నాను. బాగానే ఉంది మరి. ఎప్పుడూ లేనిది గలగలా కబుర్లు చెబుతోంది. ఇల్లంతా కడిగేస్తోంది. ఊరికే నవ్వుతోంది. నా ప్రతాపమే అని మురిసిపోయాను. ఆ నవ్వేమిటో డాక్టరుకి తెలియకపోవచ్చు, మొగుడికి తెలియకపోవచ్చు, నాకు తెలియొద్దూ? తొమ్మిది రోజులు అదే నవ్వు నవ్వినదాన్ని.

ఏప్రిల్లో ఒకరోజు పొద్దున్న ఏడింటికి శ్రీకర్ ఫోన్ చేశాడు.

"మేడమ్‌గారండీ, అఖిల నాలుగు రోజులనుంచీ నిద్రపోవట్లేదండీ. ఇవాళ తెల్లారకుండానే చెరువు దగ్గరికెళ్ళి ఏరేటర్లు ఆపేసిందండీ. ఆ చప్పుడుకి రొయ్యలు నిద్రలేక ఏడుస్తున్నాయంటండీ. ఒక చెరువు మొత్తం తేలిపోయిందండీ."

ఏరేటర్లంటే నీళ్ళని చిలికి రొయ్యలకి గాలి అందించే యంత్రాలు. అవి ఆగితే ఊపిరాడక చస్తాయి.

నేను వెళ్ళేసరికి పదయింది. అఖిల చీరకొంగు నడుముకి బిగించి, వాకిట్లో ఆ చివరినుంచి ఈ చివరికి తిరుగుతూ గుక్క తిప్పుకోకుండా మాట్లాడుతోంది. శ్రీకర్ అరుగుమీద తల పట్టుకుని కూర్చున్నాడు. పాపని ఎదురింట్లో పెట్టారు. వెంకటనరసమ్మగారు గుమ్మంలో ఉన్నారు. నేను చెప్పు కూడా విడవకుండా నేరుగా ఆవిడ మీదికి వెళ్ళాను.

"ఏవండీ, మాత్రలు రోజూ ఇస్తున్నారా లేదా? ఏడు గదులు, ఏడు మూతలు. అంతకంటే తేలిగ్గా ఎలా చెప్పమంటారు?"

"ఇచ్చానండీ. నా చేత్తో ఇచ్చానండీ. ఒక్క పూట తప్పలేదండీ, ఒట్టండీ."

"ఇస్తే ఇలా ఎందుకవుతుందండీ? ఊరికే అవుతుందా?"

దాంతో శ్రీకర్ కూడా లేచాడు. "నీకెన్నిసార్లు చెప్పానమ్మా! ఆ ఒక్క పనీ చూసుకోమన్నానా లేదా?" ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని గోడవైపు తిరిగిపోయారు.

"అత్తయ్యని అనకండి సుందరిగారూ!" అని అఖిల పరుగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకుంది. "అత్తయ్య రోజూ ఇచ్చారు. నేను రోజూ మింగాను. రండి, మీకొకటి చూపిస్తాను." గదిలోకి లాక్కెళ్ళి బీరువా తెరిచింది.

చీరల కింద లిథియం అట్టలున్నాయి. రబ్బరు బ్యాండు వేసి, ఒక్క మాత్రా తీయకుండా, పేర్చి పెట్టుకుంది. వాటి పక్కన రెండు తెల్ల సీసాలు. ఒకటి ఖాళీది, ఒకటి సగం వాడింది. అచ్చం నా సీసాలాంటివే. అదే కంపెనీ, అదే నీలం మూత.

"ముదినేపల్లి వెళ్ళినప్పుడు మందుల షాపులో కొన్నానండీ. ఇక్కడైతే ఎందుకని అడుగుతారు కదా. ఆదివారం ఆదివారం ఇవే డబ్బాలో వేసుకున్నాను. మీరేం వేసుకుంటే నేనూ అదే వేసుకున్నానండీ. మీకు తగ్గిపోయింది కదా! నాకూ తగ్గిపోయింది, చూడండి ఎంత బాగున్నానో!"

దాని మొహం వెలిగిపోతోంది. మంచం పట్టెమీద కూలబడ్డాను.

ఇప్పుడు చెప్పేది చెప్పడానికి సిగ్గేస్తోంది, అయినా చెబుతున్నాను. అప్పుడు కూడా నాకు తోచిన మొదటి ఆలోచన ఏమిటో తెలుసా? ఆ రెండు సీసాలూ నా సంచిలో వేసుకుని పోదామని. అట్టలు దొరికాయి, మాత్రలు దాచేసింది, పాపం పిచ్చిపిల్ల అంటే ఎవరైనా నమ్ముతారు. ఒక సీసా చేతిలోకి తీసుకున్నాను కూడా. బయటనుంచి శ్రీకర్ గొంతు వినబడుతోంది. "నావల్ల కాదమ్మా. పెదవేగిలో వాళ్ళ పుట్టింట్లో దింపేస్తాను. పాపని మాత్రం పంపను. ఎప్పుడేం చేస్తుందో తెలియని మనిషి దగ్గర పసిపిల్లనెలా ఉంచను? అంతా నీవల్లే!" వెంకటనరసమ్మగారి దగ్గరనుంచి జవాబు లేదు. ఆ జవాబు నా దగ్గరుంది.

సీసా పట్టుకుని బయటికి వచ్చాను.

"బాబూ, మీ అమ్మగారిని అనకు. ఆవిడ తప్పేం లేదు. అఖిల డబ్బాలో కాల్షియం వేసుకుంది, నన్ను చూసి. నేను అబద్ధం చెప్పాను. నేను మందులు మానలేదు. పదకొండేళ్ళుగా రోజూ రెండు పూటలా మింగుతున్నాను. ఆరోజు మీ ఇంట్లో అన్నం తిని నేను మింగింది కాల్షియం కాదు, అఖిలకి రాసిచ్చిన మందే." నా సంచిలో సీసా తీసి మూత విప్పి అరుగుమీద బోర్లించాను. మాత్రలు దొర్లుకుంటూ పోయాయి. ఎదురింటివాళ్ళు గోడమీంచి చూస్తున్నారు.

శ్రీకర్ తిట్టలేదు. తిడితే బాగుండేది. వెంకటనరసమ్మగారు కళ్ళు తుడుచుకుని, ఎప్పటిలాగే మర్యాదగా, మెల్లిగా అడిగారు.

"మరి ఇందాక నన్నెందుకు తిట్టారండీ?"

ఈ వయసు వచ్చాక అంతటి మాట నేను ఎవరిచేతా పడలేదు. ఆవిడ అన్నది మాట కూడా కాదు, నిజంగా తెలియక అడిగారు.

అఖిల నవ్వు ఆగిపోయింది. వంగి ఒక మాత్ర తీసుకుని చూసింది. నా మొహంలోకి చూసింది.

"అబద్ధమాండీ? అన్నీ అబద్ధాలేనా? గేటెక్కి కూర్చోవడం కూడానా?"

"అది నిజమమ్మా."

"నేనెలా నమ్మనండీ?" అని ఆ మాత్ర నామీదికి విసిరి అరవడం మొదలుపెట్టింది. కారెక్కించడానికి నలుగురు పట్టుకోవాల్సివచ్చింది. కలిదిండినుంచి ఏలూరుదాకా అది అడిగిన ప్రశ్న ఒక్కటే, నేనెలా నమ్మనండీ అని.

ఆసుపత్రిలో చేర్చాక పెర్సిస్‌గారికి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆవిడ పెన్నుకి మూత పెట్టి బల్లమీద పెట్టారు.

"మీ ఉద్యోగం సంగతి కమిటీ చూసుకుంటుంది సుందరిగారూ. నా బాధ అది కాదు. ఆ అమ్మాయి మాత్ర ముట్టుకోవడం లేదు. ఇంజెక్షన్లతో ఎన్నాళ్ళు నెట్టుకొస్తాను? ఎవరేం చెప్పినా అబద్ధమే అంటోంది. మాత్రలు వేసుకుంటేనే ఇంటికి తీసుకెళ్తానంటున్నాడు శ్రీకర్."

"నేను వెళ్ళి కూర్చోవచ్చాండీ?"

"అఖిల పొమ్మంటే మారుమాట్లాడకుండా వచ్చెయ్యాలి మరి."

ఇంటికొచ్చి ఫ్రిజ్ మీద సీసా తీసి చెత్తబుట్టలో పడేశాను. కొత్తగా తెచ్చిన అట్టలు ఫణీంద్ర అలవాటుగా ముందేసుకుని కూర్చుంటే చెయ్యి పట్టుకున్నాను. "వద్దు, అట్టల్లోనే ఉండనివ్వండి."

"ఎవరైనా చూస్తే?" అన్నారు ఆయన. ఇన్నేళ్ళూ నామీద ప్రేమతోనే చేశారు పాపం, ఆయన్ని ఏమనను?

"చూడనివ్వండి," అన్నాను.

మర్నాటినుంచి రోజూ మధ్యాహ్నం వార్డుకి వెళ్ళాను. అఖిల మంచంమీద గోడవైపు తిరిగి పడుకుని ఉండేది. వెంకటనరసమ్మగారు కాళ్ళ దగ్గర స్టూలుమీద ఉండేవారు. మొదటిరోజే ఆవిడ రెండు చేతులూ పట్టుకుని క్షమించండి అన్నాను. "ఊరుకోండమ్మా" అన్నారే గానీ, తిన్నారా అని అడగలేదు. ఆ ఇంటి మనుషులు నన్ను ఆ మాట అడగకపోవడం అదే మొదటిసారి. రోజూ అట్ట తీసి, పేరు పైకి కనబడేలా మంచంమీద పెట్టి, ఒక మాత్ర నొక్కి తీసి మింగి, కాసేపు కూర్చుని వచ్చేసేదాన్ని. అఖిల పొమ్మనలేదు. ఇటు తిరగనూ లేదు. ట్రేలో దాని అట్టా, అందులోంచి సిస్టరు తీసిపెట్టిన మాత్రా అలాగే ఉండేవి.

ఎనిమిదో రోజు మాత్ర మింగి లేవబోతుంటే మంచం కిర్రుమంది. అఖిల లేచి కూర్చుంది. జుట్టు రేగిపోయి ఉంది, కళ్ళకింద నల్లగా ఉంది, చూపు మాత్రం తేటపడింది.

"ఆగండి."

నా అట్ట తీసుకుంది. ట్రేలో తన అట్ట తీసి పక్కన పెట్టుకుని, రెండింటిమీదా పేరు అక్షరం అక్షరం సరిచూసుకుంది.

"నోరు తెరవండి," అంది.

వెంకటనరసమ్మగారు స్టూలుమీంచి లేచారు. "అఖిలా! అదేం మాటే, మేడమ్‌గారితో..."

"తెరవండి."

తెరిచాను. పక్క మంచాలవాళ్ళు ఇటే చూస్తున్నారు. సిస్టరు గుమ్మంలో ఆగిపోయింది. కలిదిండిలో తీర్పులు చెప్పిన నోరే ఇది, ఒక పెద్దావిడని ఆవిడ గుమ్మంలోనే నిలబెట్టి కడిగేసిన నోరే ఇది.

"నాలిక ఎత్తండి."

ఎత్తాను. అఖిల ముందుకి వంగి, తొందర లేకుండా, అటూ ఇటూ చూసింది. కళ్ళల్లో నీళ్ళు కారి నా నోట్లోకే పోతున్నాయి. తుడుచుకోలేదు.

"మింగారత్తయ్యా," అంది.

తర్వాత ట్రేలోంచి తన మాత్ర తీసి నోట్లో వేసుకుని గ్లాసెడు నీళ్ళు తాగింది. తాగి, ఎవరూ అడక్కుండానే, నావైపు తిరిగి నోరు తెరిచి నాలిక ఎత్తింది. నాకు చూడబుద్ధి కాలేదు. ఏ మొహం పెట్టుకుని చూడను? తల దించుకుని కూర్చున్నాను.

వెంకటనరసమ్మగారు వచ్చి నా భుజంమీద చెయ్యి వేశారు.

"చూడండమ్మా," అన్నారు. "పిల్లకి నోరు నొప్పెడుతుంది."

చూశాను.